పైమన్ను

సమ్మె మొదలై పద్దెనిమిది రోజులైనా మణెమ్మ చెవులు ఇంకా రెండు గంటల బాంబు కోసమే ఎదురుచూస్తున్నాయి. ఓపెన్‌కాస్టు గనిలో రాయి పేల్చే ముందు రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ కూసేది. ఆ వెంటనే కాళ్ల కింద భూమి ఒక్కసారి ఉలిక్కిపడేది. అప్పుడు ఆమె సద్ది మూట విప్పేది. ఇప్పుడు సైరన్ లేదు, బాంబు లేదు. టిప్పర్లు వరుసగా నిలబడి దుమ్ము పట్టిపోతున్నాయి. తెలంగాణ ఇచ్చేదాకా తట్టెడు బొగ్గు కూడా పైకి రానివ్వమని కార్మికులంతా ఒక్క మాట మీద పని బంద్ పెట్టారు. దాంతో మణెమ్మకు ఏ పొద్దు ఏ గంటో తెలియకుండా పోయింది. ఆకలైనప్పుడు తింటుంది, పొద్దుగూకే ముందు కాలనీకి నడుస్తుంది, తెల్లవారగానే మళ్లీ వచ్చి మన్ను కుప్ప మీద కూర్చుంటుంది.

కుప్ప అంటే ఇంటెనక పెంటకుప్పంత అనుకునేరు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఒక చుట్ట కాలిపోతుంది. ఎత్తు రెండు నిలువులుంటుంది. తుమ్మలకుంటపల్లె పొలాలన్నీ అందులోనే ఉన్నాయి. బొగ్గు కోసం గొయ్యి తవ్వే ముందు చేన్ల మీది మన్నును మూరెడు లోతున గీరి ఇలా పక్కన పోశారు. మిగతా ఊరంతా గొయ్యిలోకి పోయింది, జనం మొరం నేల మీద కట్టిన కాలనీకి పోయారు, మన్ను మాత్రం ఇక్కడ మిగిలింది. మొక్కలు నాటించే సూపర్‌వైజర్ సుమన్, మణెమ్మను కుప్ప కావలికి పెట్టిన రోజున ఒక మాట చెప్పాడు. "బొగ్గు తీసినంక గొయ్యి పూడుస్తరు మణెమ్మా. పూడ్చి, మీద ఈ మన్ను పరుస్తరు. భూమి ఎట్లుండెనో మళ్ల అట్లనే చెయ్యాల్నని కాయిదంల రాసి ఉన్నది." చెప్పిన సుమన్ ఆ మాట ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. మణెమ్మ మరిచిపోలేదు. తమ చేన్లను మింగిన మొదటి గొయ్యి పూడ్చడం మొన్న ఎండాకాలమే అయిపోయింది. రాళ్లూ రప్పలూ నింపి చదును చేసిన ఆ బూడిదరంగు మైదానం కుప్ప మీద నుంచి కనిపిస్తుంది. దాని మీద గడ్డి పోచ కూడా లేదు.

ఆమె ఎక్కువసేపు కూర్చునేది తూర్పు కొసన. తన చేను మన్ను అక్కడే పోశారు. టిప్పర్లు పోస్తుంటే కళ్లారా చూసింది. వానకు మన్ను జారిపోకుండా ఏదన్నా గింజ చల్లుకొమ్మని సుమన్ అంటే, ఆ కొసన బొబ్బర్లు వేసింది. ఎండలు ముదిరినప్పుడు బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. ఇప్పుడు తీగ నిండా కాయ. కొన్ని ఎండి గలగలమంటున్నాయి. ఎండినవి ఏరి, ఒలిచి, గింజలు కొంగున ముడి వేసుకుంది. మొగుడు యోసేపు ఉంటే పచ్చికాయ నమిలి ఇంకో వారం ఆగాలనేవాడు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. ఆ మాట అనేవాళ్లే లేరిప్పుడు.

నీళ్ల కోసం గేటు దగ్గరి బోరింగుకు పోవాలి. పోవాలంటే రోడ్డు మీది సమ్మె శిబిరం ముందు నుంచే నడవాలి. అక్కడ టెంటు వేసి, చాపలు పరిచి, మొక్కలు నాటే ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ఇవాళ వంటావార్పు. రోడ్డు నడుమ మూడు రాళ్ల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఎవరో డప్పు కొడుతున్నారు. తండా నుంచి వచ్చే నీలి అనే ఆమె పాట అందుకుంటే మిగతావాళ్లు వంత పాడుతున్నారు. మణెమ్మను చూసి నీలి పాట ఆపింది.

"డ్యూటీ అయిందా మణెమ్మక్కా? హాజరు ఎవలేస్తున్నరు?"

అందరూ నవ్వారు. మణెమ్మ బిందె బోరింగు కింద పెట్టింది.

"హాజరు యాడిది? నేను గూడ సమ్మెలనే ఉన్న."

"ఉంటే గీడ కూసోరాదు. సాప కాళీ ఉన్నది."

"కుప్ప కాడ ఎవ్వలు లేరు."

"కుప్ప ఏమన్న లేసి నడిచిపోతదా?" అంది రుక్మిణి. ఈ మాటకు ఇంకా గట్టిగా నవ్వారు. రుక్మిణి నవ్వలేదు. "ఊరు ఊరంత ఒక్కతాన ఉంటే నువ్వొక్కదానివి ఆడ కూసుంటివి. రేపు తెలంగాణ అచ్చినంక, నువ్వేం జేసినవే అని ఎవలన్న అడిగితే ఏం జెప్తవ్? మన్ను కాసిన అని చెప్తవా?"

మణెమ్మ బోరింగు కొట్టింది. బిందె నిండింది. రుక్మిణి మొగుడు ఈశ్వరయ్య చేనూ తన చేనూ పక్కపక్కనే ఉండేవి. మొగవాళ్లిద్దరూ గెట్టు కోసం ఎంత కొట్లాడినా, ఆడవాళ్లు మాత్రం ఒకే చెట్టు కింద కూర్చుని సద్ది తిన్నారు. ప్లాంటేషన్ పనిలోనూ అంతే, ఒకరి గిన్నెలో కూర ఇంకొకరి గిన్నెలో పడాల్సిందే. పద్దెనిమిది రోజులుగా రుక్మిణి తనను తిన్నవా అని అడగలేదు. డప్పు మళ్లీ మొదలైంది. చాప మీద ఆ ఖాళీ జాగా చూస్తే మణెమ్మకు నిజంగానే పోయి కూర్చోవాలనిపించింది. కానీ కూర్చుంటే లేవబుద్ధి కాదని ఆమెకు తెలుసు. బిందె చంకకెత్తుకుని కుప్ప దారి పట్టింది. వెనుక పాట ఎంతదూరం వినిపించిందో అంతదూరం ఆమె పెదాలు కూడా కదిలాయి.

మర్నాడు పొద్దెక్కాక ట్రాక్టర్ చప్పుడైంది. ఇన్నాళ్ల నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎంత పెద్దగా వినిపించిందంటే, సమ్మె అయిపోయి మిషన్లు నడుస్తున్నాయేమో అనుకుంది. లేచి చూస్తే తమ ఊరి లస్మయ్య ట్రాక్టర్. తొట్టిలో పారలూ తట్టలూ, ఇద్దరు కూలీలు. ముందు మడ్‌గార్డు మీద ఈశ్వరయ్య.

"పక్కకు జరుగు చెల్లె," అన్నాడు దిగుతూనే. "రెండు ట్రిప్పులు ఏస్కోని పోత."

"ఎవల నడిగి?"

"ఎవల నడగాలె? నా చేను గీకినప్పుడు నన్నడిగిండ్రా?"

మణెమ్మ మెడలోని ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. సమ్మె లేనప్పుడైతే ఈల వినగానే గేటు నుంచి సెక్యూరిటీ జీపు వచ్చేది. ఇప్పుడు ఆ ఈల గొయ్యిలోకి పోయి, గోడలకు తగిలి, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. లస్మయ్య తల దించుకుని స్టీరింగు తుడుస్తున్నట్టు నటించాడు.

"ఊదు ఊదు. ఎవలస్తరు?" ఈశ్వరయ్య గొంతులో వెక్కిరింత కంటే అలసటే ఎక్కువగా ఉంది. "చూడు చెల్లె. కాలనీల నా ఇంటి ముంగట అంత మొరం. మీ రుక్మక్క మూడుసార్లు బీరగింజ వెట్టింది. జానెడు లేవంగనె ఎండిపాయె. మన మన్ను మనం తీస్కపోతే దొంగతనమెట్లయితది?"

ఆ మాట నిజమే కదా అనిపించింది మణెమ్మకు. అయినా చేతిలోని కావలికర్ర అడ్డం పెట్టింది.

"నువ్వు రెండు ట్రిప్పులంటవు. రేపు లస్మయ్య రెండంటడు. ఎల్లుండి ఇటుకబట్టీలోల్లొస్తరు. కుప్ప ఒడిసినంక గా గొయ్యి మీద ఏం పరుస్తరు?"

"పరుస్తరని ఎవలు జెప్పిండ్రు?"

"సుమన్ సారు."

"సారు చెప్పిండట!" ఈశ్వరయ్య కూలీల వైపు తిరిగాడు. "పరిచినా నీకిస్తరా, నాకిస్తరా? నీలగిరి ఏస్కుంటరు."

"ఏస్కోనీ. నీలగిరైతే ఎప్పటికన్న కొట్టేస్తం. రాయి మీద ఏమేస్తవ్?"

ఈశ్వరయ్య చూపు తూర్పు కొసన పచ్చగా అల్లుకున్న బొబ్బరి తీగ మీద పడింది. మొహం గట్టిపడింది.

"అసలు సంగతి గది గాదు. గా కొసన నీ చేను మన్నున్నది. గందుకే బొబ్బర్లేసుకున్నవ్. నీళ్లు గూడ పోసుకుంటున్నవంట, రుక్మిణి చెప్పింది. నీది నువ్వు కాసుకుంటున్నవ్, పేరేమో ఊరిది."

అది సగం నిజం కాబట్టి సూటిగా తగిలింది. మణెమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే కోపం వచ్చింది.

"నువ్వా అనేది? మూడు జానల గెట్టు. ఏటా నాగలి కట్టుడు, బెత్తెడు కొరుకుడు. నువ్వు దున్నీ దున్నీ జానెడు జేసినవ్. గా రంధితోనే యోసేపు సగం పోయిండు. గెట్టు తిన్నది సాలక ఇప్పుడు చేనే ఎత్తుకపోను ట్రాక్టర్ తెచ్చినవా?"

కూలీలు మొహాలు చూసుకున్నారు. పాత సంగతి పరాయివాళ్ల ముందు తీయడం ఈశ్వరయ్య భరించలేకపోయాడు. ఎక్కడ తవ్వాలో అప్పటిదాకా ఏమీ అనుకోలేదు. ఇప్పుడు చేయి చాపి చూపించాడు.

"గా తూర్పు కొసకే పెట్టుండ్రి పార."

మణెమ్మ పరుగెత్తి పోయి తీగల నడుమ కూర్చుంది. ఆమెను ఎవరూ ముట్టుకోలేదు. ఆమె కూర్చున్న చోటు వదిలి, కింది నుంచి పక్కవాటుగా తవ్వడం మొదలుపెట్టారు. పారలు దిగుతున్న అదురు ఆమె తొడలకు తెలుస్తోంది. తీగ వేళ్లు పుటుక్కున తెగుతున్నాయి. పచ్చికాయలు మన్నుతో పాటు తట్టల్లో పడి తొట్టిలోకి పోతున్నాయి. తొట్టి సగం నిండేసరికి, అడుగున బోలుపడిన మన్ను ఒక్కసారిగా జారింది. కుప్ప పక్క మనిషెత్తున గోడ కోసినట్టు తెరుచుకుంది.

మణెమ్మ కిందికి దిగి ఆ గోడ ముందు నిలబడింది. పైన జానెడు మందం మాత్రం ఎవరెవరి చేన్లదో కలిసిన ఎర్రమన్ను. దాని కింద, అడుగుదాకా, నల్లరేగడి. నలుపులో అక్కడక్కడ రేగుపండంత తెల్లని సున్నపురాళ్లు. ఒక రాయి ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. తీసి చూసింది. తన చేను ఎర్ర చెలక. ముప్పయ్యేళ్లు కలుపు తీసిన చేను. అందులో ఇలాంటి రాయి ఒక్కటి కూడా ఆమె వేలికి తగల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. యోసేపును వరంగల్ దవాఖానలో పెట్టుకుని ఉన్న ఆ నెలలో, టిప్పర్ల దారి కోసమని డోజర్లతో కుప్పను జరిపారట. తిరిగి వచ్చాక ఎవరో చెప్పారు. జరిపినా కొస కొసేగా అనుకుంది. జరపడమంటే తలకిందులు చేయడమని ఆమెకు తట్టలేదు. అప్పుడు ఆమె మనసు ఆమె దగ్గర లేదు. రెండేళ్లు ఎవరి మన్నుకో నీళ్లు మోసిందన్నమాట. ఎవరిదో కూడా ఆ చేతిలోని రాయి చెబుతోంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈశ్వరయ్య ఆమె మీది కోపంతో తన సొంత మన్నే తవ్వుకుని పోతాడు, అంతే. మణెమ్మ రాయిని అరచేతిలో పెట్టి చేయి చాపింది.

"ఈశ్వరన్నా. గిది నీ మన్ను."

"ఏందీ?"

"నీ చేన్లనే ఉండె గీ రాళ్లు. కర్రు మొద్దువారిందని నువ్వు ఏటా తిట్టుకుంటుంటివి."

అతను నమ్మలేదు. గోడ దగ్గరికి వచ్చి గుప్పెడు నల్లమన్ను గోకాడు. ఆమె బిందెలోంచి చారెడు నీళ్లు పోసింది. రెండు అరచేతుల మధ్య నలిపి, వేళ్లతో దారంలా పేనాడు. చెలక మన్నయితే పేనితే విరిగిపోతుంది. ఇది విరగలేదు. వేలెడు పొడుగున సాగి, మెత్తగా వేలాడింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కూలీలు పారలు ఆపేశారు. ఈశ్వరయ్య దాన్ని పారేయకుండా బొడ్లో, తంబాకు పొట్లం దగ్గర పెట్టుకున్నాడు. మన్ను బొడ్లో పెట్టుకున్న మనిషిని లస్మయ్య వింతగా చూశాడు.

"మరి నీదేది?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఎరుకలేదు. అడుగునున్నదో, డోజరు కింద రోడ్డే అయిందో."

"మరి గీ బొబ్బర్లు..."

"నీ మన్నులనే కాసినయ్." మణెమ్మ కర్ర తీసుకుని పక్కకు జరిగింది. "తీస్కపో. నీది నువ్వు తీస్కపోతే నేనెట్ల ఆపుత?"

మిగతా సగం తొట్టి కూడా నిండింది. ట్రాక్టర్ పోయింది. తూర్పు కొసన మిగిలిన నాలుగు తీగలు వేళ్లు బయటపడి వేలాడుతున్నాయి. వాటిని మళ్లీ మన్నులో కుక్కాలని కూడా ఆమెకు అనిపించలేదు. యోసేపు పోయిన రోజు కూడా ఇంత ఒంటరిగా లేదు. ఆ రోజు ఏడవడానికి చుట్టూ ఊరు ఉంది, ప్రార్థనకు పాస్టరు వచ్చాడు. చేను పోతే ప్రార్థన చేయించే ఆచారం ఎక్కడా లేదు. సద్ది విప్పకుండానే ఇంటికి పోయింది.

తెల్లవారి ఆమె కుప్పకు పోలేదు. కాళ్లు అలవాటుగా అటే తిరిగాయి, ఆమే తిప్పుకుని శిబిరానికి వచ్చింది. చాప కొసన కూర్చుంది. నీలి జరిగి జాగా ఇచ్చింది. డప్పు ఇంకా రాలేదు. కాసేపటికి రుక్మిణి వచ్చి పక్కన కూర్చుంది, కానీ రోడ్డు వైపే చూస్తోంది.

"మన్ను మంచిగ పరుసుకున్నరా అక్కా? బీరగింజ ఏసినవా?" అంది మణెమ్మ. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

రుక్మిణి ఇటు తిరిగింది. "ఏ మన్ను? మా ఇంటి ముంగట మన్నేడున్నది? పొద్దుగూకినంక ఉత్త ట్రాక్టరే అచ్చింది. లస్మయ్యను అడిగితే నన్నడుగకంటడు. ఈయన మోకాళ్లదాక మన్ను పూసుకోనచ్చి, తినకుంట పండుకున్నడు. తెల్లారంగనె పారవట్టుకోని మళ్ల పోయిండు. పరేషాన్ అయితుంది నాకు. ఏమన్నవే ఆయనను?"

మణెమ్మ లేచింది. లేచిన మనిషి చేతిని రుక్మిణి పట్టుకుంది.

"తిన్నవా?"

"వచ్చి తింట," అంది మణెమ్మ.

కుప్ప దగ్గర ట్రాక్టర్ చక్రాల జాడ తడినేల మీద స్పష్టంగా ఉంది. కాలనీ వైపు పోవాల్సిన జాడ కుడికి తిరిగి, పూడ్చిన గొయ్యి మీదికి ఎక్కే బాట పట్టింది. మిషన్లు నడిచే రోజుల్లో ఆ బాట మీద మనుషులను అడుగు పెట్టనిచ్చేవారు కాదు. మణెమ్మ జాడ మీదే నడిచింది. పైకి ఎక్కాక అంతా బూడిదరంగు. రాయీ, పలకా, మధ్యమధ్య బొగ్గు నుసి. కనుచూపు మేర నీడ ఇచ్చేది ఒక్కటీ లేదు. అంత మైదానంలో దూరంగా ఒక నల్లటి మచ్చ, దాని మీద వంగిన మనిషి.

దగ్గరికి పోతే నాలుగు మంచాలు పరిచినంత జాగాలో నల్లమన్ను పరిచి ఉంది. ఈశ్వరయ్య గొంతుక్కూర్చుని పెడ్డలు చేత్తో చిదుపుతున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"గుట్ట సందు సూటిగ ముంగటికుండాలె. చర్చి సిలువ ఎడమ భుజానికి రావాలె," అన్నాడు. "నిన్న చీకటి పడెదాక తిరిగిన. మన చేన్లు గీడనే గదా?"

మణెమ్మ నిలబడి చూసింది. గుట్టల నడుమ సందు, పక్క ఊరి చర్చి మీద సిలువ. రెండూ కదలనివి. వాటిని కళ్లతో కలుపుకుంటూ నాలుగడుగులు అటు, రెండడుగులు ఇటు వేసింది. సరిగ్గా ఇక్కడే ముప్పయ్యేళ్లు విత్తనాలకూ కలుపులకూ నడుము వంచి లేచిన ప్రతిసారీ ఈ సందూ ఈ సిలువా కనిపించేవి.

"గీడనే."

"సమ్మె ఉన్నన్ని దినాలు మిషన్లు రావు. దినానికి ఒక ట్రిప్పు ఏస్త. లస్మయ్యను గూడ ఒప్పిస్త. తర్వాత వాళ్లేమన్న ఏస్కోనీ, అడుగున మన్నైతే ఉంటది." అతను తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాడు. "నీ ఎర్రమన్ను యాడున్నదో గూడ తవ్వి చూద్దాం."

మణెమ్మ చూపు మచ్చ అంచు మీద ఆగింది. మిగతా మూడు వైపులా మన్ను ఎలా పడితే అలా చెదిరి ఉంది. తన చేను వైపు మాత్రం తాడు పట్టి కోసినట్టు అంచు తిన్నగా ఉంది. ఆ అంచు వెంట పలకరాళ్లు ఏరి వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక వరుస కాదు, రెండు. నడుమ ఖాళీ వదిలి, అవతల వైపు కూడా ఒక వరుస.

"గిదేందన్నా?"

"ఏముంటది? గెట్టు."

మణెమ్మ చెప్పులు విడిచి కూర్చుంది. కుడిచేయి చాపి, బొటనవేలు ఈ వరుస రాయికి ఆనించి కొలిచింది. ఒక జాన. రెండు. మూడు. వేలు అవతలి రాళ్లను తాకలేదు. నాలుగో జాన వేస్తే తాకింది.

"మూడే గద ఉండేది," అంది.

ఈశ్వరయ్య ఒక పెడ్డను చిదిపి, అందులోని సున్నపురాయిని ఏరి పక్కకు విసిరాడు.

"ఉండనీ."

యోసేపు ఉంటే ఈ నాలుగో జానను నమ్మేవాడు కాదు, తను కూడా ఒకసారి కొలిచి చూసేవాడు. మణెమ్మ కొంగు ముడి విప్పి బొబ్బరి గింజలు అతని దోసిట్లో పోసింది.

"ఇత్తు. పదును ఉండంగనె."

"సగం ఉంచుకో. నీ దిక్కు?"

"మన్ను దొరికినంక," అంది మణెమ్మ. నాలుగు జానల గెట్టు మీద, ఒక్క పిడికెడు మన్ను లేని తన చేను వైపు కాళ్లు చాపుకుని కూర్చుంది.